శ్రుతికటువు: దోషమా, గుణమా?



నేటి నా ప్రసంగ విషయము విని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. చిరకాలము పిల్లలచే సంధులు, సమాసములు, అలంకారములు వల్లెవేయించిన ఒక తెలుగు పంతులు, ఎక్కడో ఉత్తర ఐరోపాలోని మంచు దేశములందు యువకులు కేకలు వేయుచు వాయించు పాటలను గూర్చి మాటలాడుటేమని అడుగవచ్చును. అడుగుట న్యాయమే. ఆ పాటలు నాకు ప్రియములు కావు. కాని వాటి మూలమున నా వలన జరిగిన ఒక పొరపాటు నాకు తెలిసివచ్చినది. అట్టి పొరపాటు మన గ్రామములలో చేసినవాడను నేనొక్కడనే కాదు. అందుచేత మీకు చెప్పదలచితిని.

గడచిన వేసవి సెలవులలో మా మనుమడు తరిగొప్పులకు వచ్చినాడు. వాడు హైదరాబాదులో చదువుకొనుచున్నాడు. ఒకనాటి రాత్రి వాకిట మంచముల మీద పరుండియుండగా వాని సెల్‌ఫోను నుండి ఒక ధ్వని వినవచ్చినది. రేకుల కప్పు మీద వడగండ్లు పడుచున్నట్లును, ఆ చప్పుడు నడుమ ఎవరో గొంతు చించుకొని అరచుచున్నట్లును ఉండెను. యంత్రము చెడినదనుకొని, "నాయనా, రేపు జనగామకు పోయినప్పుడు దానిని బాగుచేయించుకో" అంటిని. వాడు నవ్వి, "చెడిపోలేదు తాతా, వాండ్లు కావాలనే అట్ల చేసిండ్రు" అన్నాడు.

కావాలనే చేసిరన్న ఆ మాట నన్ను విడువలేదు. చేతగాక ధ్వని చెడిన యెడల అది అజ్ఞానము. చేతనయ్యును చెడగొట్టిన యెడల దానికొక కారణముండవలెను. ఆ కారణమేమో చెప్పుమని మనుమని కూర్చుండబెట్టి అడిగితిని. వాడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలుసుకొన్నదియు క్లుప్తముగా విన్నవించెదను.

పాశ్చాత్య దేశములలో 1970 తరువాత సంగీతము ధనవంతుల వ్యవహారమయ్యెను. ఒక్క పాటను ముద్రించుటకు నెలల కాలము, లక్షల ధనము వ్యయము చేయు బృందములుండెను. దీనికి ఎదురు తిరిగిన యువకుల సంగీతమునకు పంక్ అని పేరు వచ్చినది. న్యూయార్కు నగరమున 1974లో ఏర్పడిన రమోన్స్ అను బృందమువారు 1976లో తమ మొదటి సంపుటమును వెలువరించిరి. అందులో 14 పాటలు కలవు. అన్నియు కలిసి అరగంట కూడ నిండవు. ఆ కాలముననే ఇంగ్లండులో సైడ్‌బర్న్స్ అను చేతిపత్రిక యొకటి, గిటారు మీద వ్రేళ్లుంచవలసిన మూడు స్థానములను బొమ్మ వేసి చూపి, ఇక మీరును ఒక బృందము కట్టుకొనుడని పాఠకులను ప్రోత్సహించెను. సంగీతము పండితుల సొత్తు మాత్రమే కాదని వారి వాదము.

తరువాత ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణపు వెనమ్ అను బృందమువారు 1982లో బ్లాక్ మెటల్ అను పేర ఒక సంపుటమును వెలువరించిరి. ఆ పేరే పిమ్మట ఒక సంగీత శాఖకు పేరయ్యెను. మాటకు మాట చెప్పిన యెడల నల్లలోహమని అర్థము. 1984లో స్వీడను దేశపు బాథొరీ అను బృందము తన మొదటి సంపుటమును మోటారు కార్ల కొట్టమును మార్చి చేసిన ఒక చిన్న శాలలో ముద్రించెను. నార్వే దేశపు డార్క్‌థ్రోన్ బృందము 1994లో వెలువరించిన ట్రాన్సిల్వేనియన్ హంగర్ అను సంపుటమున వాద్యములన్నియు ఒక్కడే వాయించెను. నాలుగు పట్టీల చిన్న టేపు యంత్రము మీద ఇంటిలోనే దానిని ముద్రించినారు. అప్పటికి ఆ దేశమున మంచి శాలలు లేకపోలేదు. అదే బృందము అంతకుముందు మంచి శాలలో పాటలు ముద్రించియే యున్నది. అయినను గీరుమను టేపు చప్పుడుతో, గుహలో నుండి వచ్చినట్లున్న గొంతుతో ఆ పాటలను ముద్రించిరి. అదే బృందము 2006 నాటికి మరల పంక్ పోకడను తన నల్లలోహమున కలిపెను. మా మనుమడు ఆ రాత్రి వినుచుండినది ఆ మిశ్రమమే. మన హైదరాబాదునకును ఈ కుటుంబముతో చుట్టరికము కలదు. హైదరాబాదు, బెంగుళూరు యువకులు కూడి కట్టిన గాడ్‌లెస్ అను బృందము 2016లో తొలి ముద్రణము వెలువరించినది. వారిది డెత్ మెటల్ అను సోదర శాఖ.

ఇక ఆ గరుకుదనము ఎట్లు పుట్టునో చెప్పెదను. ధ్వని చెరువులోని అల వంటిది. విద్యుత్తుతో నడచు గిటారు ధ్వనిని పెంచు యంత్రము మీద దాని శక్తికి మించిన భారము మోపిన యెడల ఆ అల శిఖరము తెగి చదునగును. అట్లు తెగినచోట మొదటి ధ్వనిలో లేని ఉపస్వరములు పుట్టును. అవియే మన చెవికి గరుకుగా తోచును. 1964లో ఇంగ్లండులోని కింక్స్ అను బృందమునకు చెందిన డేవ్ డేవిస్ అను యువకుడు ధ్వనిపెట్టెలోని కాగితపు గరాటును క్షురకపు బ్లేడుతో చీల్చి, ఆ చీలికలు అదరగా పుట్టిన బుర్రుమను ధ్వనితో ఒక పాట వాయించి ప్రసిద్ధికెక్కెను. బాగుగా నున్న వస్తువును తన చేతితో తానే చీల్చుకొనుట మనకు వెర్రిగా తోచును.

కాని తొందరపడి నవ్వకుడు. మన తంబురాను చూడుడు. తంతులు ఆనియుండు గుర్రము మీద ఒక్కొక్క తంతి క్రింద సన్నని నూలుపోగును ఉంచెదరు. పోగు లేని తంతి శుద్ధముగా మ్రోగి వెంటనే అణగిపోవును. పోగు తగిలిన తంతి గుర్రము మీద రాచుకొని ఝుమ్మని అదరును. అప్పుడే తంబురాకు జీవము వచ్చెనని గాయకులందురు. ఆ కాగితమును చీల్చిన బ్లేడు చేసిన పనియు, మన తంబురాలోని నూలుపోగు చేయు పనియు ఒక్క జాతివే. శుద్ధ ధ్వనికి కొంచెము అడ్డు తగిలించి, ఆ రాపిడి నుండి క్రొత్త ధ్వనిని రప్పించుటయే రెండింటి పని.

మన జిల్లా వాద్యములలో ఈ గరుకుదనము ఇంకను స్పష్టముగా కనిపించును. ఎల్లమ్మ కథ చెప్పు బైండ్లవారి జమిడికను మీరెరుగుదురు. దాని ఒక మూతికి తోలు బిగించి, ఆ తోలు నడుమ నుండి ఒక తంతిని లాగి పట్టుకొని మీటుదురు. లాగిన కొలది స్వరము పైకిని, వదలిన కొలది క్రిందికిని జారును. అది ఏడ్చుచున్నదో, గద్దించుచున్నదో తెలియదు. ఒగ్గుకథను తలచుకొనుడు. కొమురవెల్లి మల్లన్న కథను, బీరప్ప కథను తెల్లవార్లు చెప్పు ఒగ్గువారి గొంతు జాము జామునకు బొంగురువోవును. ఆ బొంగురులోనే మల్లన్న కోపము, మేడలమ్మ దుఃఖము మనకు వినవచ్చును. మన మాణిక్యాపురమున పుట్టి సంగీత నాటక అకాడమి పురస్కారమందుకొని 2017లో స్వర్గస్థుడైన చుక్క సత్తయ్యగారి గొంతు విన్నవారు మీలో పలువురుందురు. దానిని నునుపు చేసిన యెడల కథ మిగులునా?

డప్పు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కొయ్య చట్రమునకు తోలు మూసి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి వాయింతురు. చలికిని తేమకును తోలు సడలును గనుక గడ్డిమంట వేసి కాచుదురు. కాచిన డప్పు గణగణ మ్రోగును. ఎంత కాచవలెనో కంటితో చూచి తెలియదు. వ్రేలితో తట్టి, చెవి యొగ్గి తెలుసుకొందురు. పెండ్లికొక దెబ్బ, జాతరకొక దెబ్బ, చావునకొక దెబ్బ. పొలమున నున్నవాడు దూరము నుండి విని, ఊరిలో ఏమి జరుగుచున్నదో చెప్పగలడు. ఇది శాస్త్రము కాదనువాడు శాస్త్రమెరుగనివాడు.

శాస్త్రమనగా నా స్వవిషయమునకు వత్తును. కావ్యదోషములలో శ్రుతికటువు అను దోషము కలదు. చెవికి ములుకువలె గుచ్చుకొను పరుషాక్షరములను కూర్చుట శ్రుతికటువు. శృంగార కరుణములయందు అది నిశ్చయముగా దోషమే. కాని 9వ శతాబ్దమున కాశ్మీర దేశమున నుండిన ఆనందవర్ధనుడు, ఇట్టి దోషములు నిత్యములు కావని ధ్వన్యాలోకమున నిరూపించెను. 11వ శతాబ్దమున మమ్మటుడు కావ్యప్రకాశమున దీనినే విస్తరించెను. రౌద్ర వీర బీభత్స రసములయందు ఆ పరుషత్వమే గుణమగును. భీముని ప్రతిజ్ఞను మల్లెపూల వంటి మాటలతో చెప్పిన కవి ఓడిపోవును. కావున ధ్వని మెత్తగా నున్నదా గరుకుగా నున్నదా అనునది మొదటి ప్రశ్న కాదు. ఆ ధ్వని దేనిని చెప్పుటకు వచ్చినది, దానిని చెప్పగలిగినదా అనునది ప్రశ్న.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ చెప్పవలెను. రసము లేనిచోట పరుషత్వము దోషముగానే మిగులును. రౌద్రము రంగస్థలము మీద రసము. వీధిలో అది నేరము. నార్వే దేశపు ఆ యువకులలో కొందరు ఈ హద్దును దాటిరి. 1992 జూన్ 6న బెర్గెన్ నగర సమీపమున ఫాన్టాఫ్ట్ అనుచోట శతాబ్దముల నాటి కొయ్య చర్చి దగ్ధమయ్యెను. తరువాత మరికొన్ని చర్చిలు తగులబడినవి. 1993లో ఒక హత్యయు జరిగినది. ఆ సంగీత బృందములవారిలో కొందరికి న్యాయస్థానములు శిక్షలు విధించినవి. మనుమనికి నేను ఈ మాటనే చెప్పితిని: "పాటలోని కోపము పాటలో నుండనిమ్ము. పరుల దేవాలయమును కాల్చినవాని చేతి వాద్యము ఎంత గొప్పదైనను వాని తప్పు తప్పే." వాడు దానికి ఒప్పుకొని, అందరును అట్టివారు కారనియు చెప్పెను. నిజమే. కొందరి నేరము వలన ఒక ధ్వనిని దూషించుట న్యాయము కాదు.

ఇంతవరకు వాదము. ఇక నా పొరపాటు.

1990 దాటిన రెండు మూడేండ్లకు నేను పనిచేయుచుండిన పాఠశాలలో డప్పు వాయించువాని కుమారుడొకడు చదువుకొనుచుండెను. ఒకనాడు వానలో నేను తరగతికి కొంచెము ఆలస్యముగా పోతిని. గది నిశ్శబ్దముగా నుండెను. ఆ బాలుడు రెండు పుల్లలు పట్టి బల్ల మీద జాతర దెబ్బ వాయించుచుండగా తక్కిన పిల్లలు కదలక వినుచుండిరి. ఒక్క దెబ్బ తప్పలేదు. గుమ్మమున నిలిచి నేనును క్షణకాలము వింటిని. ఐనను లోపలికి పోయి, "ఇది సరస్వతీ నిలయము. ఆ మోటు చప్పుడు మీ వాడలో పెట్టుకో" అంటిని. వాడు పుల్లలు క్రింద పెట్టి, రెండు అరచేతులు బల్ల మీద ఆనించి తల వంచుకొనెను. ఆ తరువాత వాడు ఎన్నడును వాయింపలేదు. ఆ నెలలోనే పై తరగతివారికి శ్రుతికటువు రౌద్రమున గుణమగునని ఉదాహరణములతో పాఠము చెప్పితిని. చెప్పిన నోరు ఒక్కటే. అప్పుడు నాకు సిగ్గు కలుగలేదు.

మనుమని మాట విన్న వారమునకు నేను ఆ శిష్యుని ఇంటికి పోతిని. ఇప్పుడు ఆయన తాపీమేస్త్రి. తండ్రి గతించినాడు. డప్పు గోడకు వ్రేలాడుచున్నది, తోలు పగిలినది. నేను వచ్చిన కారణము చెప్పి, నన్ను క్షమింపుమంటిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "సారూ, మీరన్న మాట యాదికుండె. గానీ మీదొక్కటే గాదు. మా నాయిన ఊరికి కొట్టి కొట్టి చేతులు కాయలు కాసినయి, పైసలియ్యకపోయిరి. గా బతుకు నాకొద్దనిపించింది" అన్నాడు.

పెద్దలారా, ఈ మాటకు నా వద్ద సమాధానము లేకపోయెను. మన ఊళ్లలో డప్పు లేక శుభము లేదు, అశుభమును లేదు. ఐనను దానిని వాయించినవానికి కూలి ఇచ్చుటకు మనకు చేతులు రాలేదు, గౌరవమిచ్చుటకు మనసు రాలేదు. వెట్టిగా వాయింపించుకొని, ఆ ధ్వనినే మోటని వెక్కిరించితిమి. మోటుదనము ధ్వనిలో లేదు, మన నడతలో నుండెను. తరువాతి కాలమున 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడుటకు ముందు ధూంధాం సభలలో అదే డప్పు వేలమందిని కదలించినప్పుడు మనమందరము చప్పట్లు కొట్టితిమి. ఆ చప్పట్లతో పాత బాకీ తీరదు.

ఇప్పుడు మన వీధులలో డప్పు తగ్గి డీజే పెట్టెలు వచ్చినవి. అవియు గరుకుగానే మ్రోగునుగదా అని మీరనవచ్చును. పెద్ద ధ్వని వేరు, మోటు ధ్వని వేరు. డీజే పెట్టెకు ఎదుటివాడు ఏడ్చుచున్నాడో నవ్వుచున్నాడో తెలియదు. డప్పువాడు శవము ముందు నడచువారి అడుగును చూచి దెబ్బను నిదానించును. గుడి ముందు పూనకము వచ్చినవారిని చూచి దెబ్బను పెంచును. ఆ గరుకుదనము వెనుక ఒక చేయి, ఒక కన్ను ఉన్నవి. కొట్టములో పాటలు ముద్రించిన ఆ విదేశీ యువకులు వెదకినదియు అదియే కాబోలు. శుభ్రమైన ముద్రణములలో మనుష్యుని చేయి కనబడలేదని వారికి తోచియుండును.

ఆ దినము నేను సెలవు తీసుకొనుచుండగా నా శిష్యుడు వాకిలి వరకు వచ్చి, "మా పోరడు నేర్చుకుంట అంటుండు సారూ. నాకు సగమే యాదికున్నది. ఎవరు నేర్పిస్తరు?" అని అడిగెను. విచారింపగా పొరుగూర ఒక వృద్ధుడున్నాడని తెలిసినది. డప్పునకు క్రొత్త తోలు వేయించిరి. ఆ వృద్ధుడు ఆదివారములందు వచ్చి బాలునికి నేర్పుచున్నాడు. వచ్చిన ప్రతిసారియు ఆయనకు గురుదక్షిణ ముట్టవలెనని నిశ్చయించుకొంటిమి. ఆయన మొదట వలదనెను. వెట్టి ఇక నీ యింటికి గాని నా యింటికి గాని రాదని నేను చెప్పగా పుచ్చుకొనెను.

దసరాకు మా మనుమడు మరల వచ్చినప్పుడు ఆ దెబ్బలను తన సెల్‌ఫోనున ముద్రించినాడు. దానిలో కోడి కూత కలదు, మంట చిటపట కలదు, నడుమ నడుమ వృద్ధుని దగ్గు కలదు. తప్పు దెబ్బకు ఆయన గద్దింపు కలదు. "తాతా, ఇవన్ని తీసేసి సాఫు చెయ్యనా?" అని వాడడిగినాడు. వలదంటిని. ఆ దగ్గును తీసివేసిన యెడల ఆయన వయస్సు పోవును. ఆ గద్దింపును తీసివేసిన యెడల పాఠము పోవును.

మీ ఊళ్లలో జమిడిక మీటువారు, ఒగ్గు పట్టువారు, డప్పు కాచువారు ఇంకను ఉన్నయెడల మీతో నా మనవి మూడు మాటలు. వారిని పిలిచినప్పుడు కూలి ముందుగా నిర్ణయించి, గౌరవముగా చేతికిండు. వారి బిడ్డలు బడిలో బల్ల మీద దెబ్బ వాయించిన యెడల పంతులు ఒక నిమిషము గుమ్మమున నిలిచి విననిండు. ఇంటిలోని సెల్‌ఫోనుతోనైనను వారి గొంతులను, దెబ్బలను ముద్రించి ఉంచుడు. ముద్రణము బాగుగా రాలేదని పారవేయకుడు.